డ్రైవర్ లేని లారీ కోసం ఆగాలా? రాయలసీమ బాడుగలకు ఏ పద్ధతి సరిపోతుంది

తాడిపత్రిలో గానీ, గుత్తిలో గానీ, కర్నూలులో గానీ ఏ లారీ ఆఫీసుకు వెళ్లి కూర్చున్నా ఈ మధ్య ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తోంది. అమెరికాలో డ్రైవర్ లేకుండానే లారీలు తిరుగుతున్న వీడియోలను ఫోన్లలో చూసినవారు, పాత బండి అమ్మి ఇప్పుడే కొత్తది తీసుకోవాలా, లేక ఆ లారీలు మన దాకా వచ్చేవరకు ఆగాలా అని అడుగుతున్నారు. నాపరాళ్లు, చీనీకాయలు, సిమెంటు మోసే బండ్లను ఏళ్లుగా నడిపిస్తున్నవాణ్ని కనుక నా సమాధానాన్ని ముందే చెబుతాను: ఆగవద్దు. అయితే పాత పద్ధతిలోనే ఇంకొక బండి కొని, అదే ఒక్క డ్రైవర్ చేతిలో పెట్టి, రాత్రికి రాత్రి హైదరాబాదు చేరమని చెప్పడం కూడా ఇక మానుకోవాలి. మన బాడుగల్లో ప్రాణాన్నీ సరుకునూ తీస్తున్నది నిద్రలేమి. డబ్బు పెట్టేవారు మొదట దానిమీద పెట్టాలన్నదే ఈ పోలికంతటికీ ఆధారం.

వీడియోల్లో కనిపించేది ఎంతవరకు నిజమో ముందుగా చూద్దాం. వాహనం తనంతట తాను నడిచే సామర్థ్యాన్ని ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ సున్నా నుంచి ఐదు వరకు స్థాయిలుగా విభజించింది. రెండవ స్థాయిలో బండి బ్రేకు, స్టీరింగు విషయంలో సాయం చేస్తుంది గానీ బాధ్యత మొత్తం డ్రైవర్‌దే. నాలుగవ స్థాయిలో, ముందుగా నిర్ణయించిన రోడ్డు మీద, నిర్ణయించిన వాతావరణంలో మాత్రం డ్రైవర్ అవసరమే ఉండదు. అరోరా అనే కంపెనీ 2025 ఏప్రిల్ ఆఖరులో డల్లాస్, హ్యూస్టన్ నగరాల మధ్య సుమారు 385 కిలోమీటర్ల హైవే మీద నాలుగవ స్థాయి లారీలతో బాడుగలు మొదలుపెట్టింది. కొన్ని వారాలకే, లారీ తయారుచేసిన పాకార్ కంపెనీ కోరిక మీద, డ్రైవర్ సీటులో మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టింది. ఆ మనిషి పని బండి నడపడం కాదు, చూస్తూ ఉండటమే. అయినా అప్పుడు సీటు ఖాళీగా మాత్రం లేదు. కొడియాక్ అనే మరో కంపెనీ లారీలు టెక్సాస్ చమురు క్షేత్రాల లోపలి దారుల్లో ఇసుక మోస్తున్నాయి.

ఈ రంగంలో మునిగిపోయినవారూ తక్కువేమీ కాదు. 2016లో కొలరాడోలో బీరు లోడుతో 120 మైళ్లు ప్రయాణించి పేరు తెచ్చుకున్న ఓటో అనే కంపెనీ లారీల పనిని, ఆ కంపెనీని కొనుక్కున్న ఉబర్ 2018లో మూసివేసింది. 2021 డిసెంబరులో అరిజోనాలో మనిషి లేకుండా లారీని నడిపించిన టుసింపుల్ అనే కంపెనీ ఆ తర్వాత అమెరికా వ్యాపారాన్నే వదులుకుంది. వేమో 2023లో లారీలను పక్కన పెట్టి టాక్సీల మీదికి మళ్లింది. అంత పెట్టుబడి, అంత వెడల్పైన రోడ్లు, అంత క్రమశిక్షణ ఉన్న చోటే పరిస్థితి ఇలా ఉన్నప్పుడు, మన బండి కంతులు తీరే నాలుగైదేళ్లలోపు ఆ లారీ కర్నూలు షోరూముకు వస్తుందని లెక్క వేసుకోవడం తగదు.

చట్టం కూడా దానికి సిద్ధంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డు మీద బండి నడపాలంటే లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. 2019 సవరణలో కొత్త ఆవిష్కరణల పరీక్షల కోసం కొన్ని వాహనాలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి కల్పించారు గానీ, అది పరీక్షల కోసమే. బాడుగ తోలుకోవడానికి పనికిరాదు. డ్రైవర్ లేని వాహనాలు వస్తే 70, 80 లక్షల మంది డ్రైవర్ల ఉపాధి పోతుందని, వాటిని అనుమతించబోమని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఒకటికి రెండుసార్లు బహిరంగంగానే చెప్పారు.

అమెరికా లెక్క మనకు ఎందుకు కుదరదు

అక్కడ లారీ డ్రైవర్ పది గంటల విశ్రాంతి తర్వాత గరిష్ఠంగా పదకొండు గంటలే నడపాలి. ఆ గడువు ముగిశాక బండి ఎక్కడో ఒక చోట ఆగి తీరాలి. డ్రైవర్ జీతభత్యాలే మొత్తం ఖర్చులో నలభై శాతం పైచిలుకు. అంటే మనిషిని తీసేస్తే రెండు లాభాలు ఒకేసారి వస్తాయి: పెద్ద ఖర్చు తగ్గుతుంది, ఆగి ఉండే బండి నడుస్తుంది. మన దగ్గర ఖర్చులో మొదటి వరుస డీజిలుది. ఆ తర్వాత టోలు, టైర్లు, కంతు, ఇన్సూరెన్సు వస్తాయి. డ్రైవర్ జీతం, బత్తా కలిపినా వాటి పక్కన చిన్నగానే కనిపిస్తాయి. ఇక పని గంటల సంగతి. మన దేశంలోనూ 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని చెప్పేది. ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకుండా అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులోనే ఉండేది. ఆ గంటలను పాటిస్తున్న బండి మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు. బండి ఎలాగూ ఆగకుండానే తిరుగుతోంది కనుక, యంత్రం వచ్చి మనకు అదనంగా సంపాదించి పెట్టే గంటలు తక్కువ. యంత్రం మనకు కాపాడి ఇవ్వగలిగినది డ్రైవర్ ప్రాణం.

ఇంకొక తేడా సరుకును చూసుకోవడంలో ఉంది. దీన్ని నాపరాళ్ల లోడుతో చెబితే బాగా అర్థమవుతుంది. తాడిపత్రి ఫ్యాక్టరీలో పాలిష్ బండలను పడుకోబెట్టి పేర్చరు. బాడీలో అంచు మీద నిలబెట్టి, మధ్యలో వరిగడ్డి దోపి, వరుసకు వరుస ఆనించి, చివర చెక్కదిమ్మలు కొట్టి తాడు బిగిస్తారు. హమాలీలు ఎంత గట్టిగా పేర్చినా, గుత్తి చేరేలోపు గతుకుల్లో గడ్డి అణిగి, రాయికి రాయికి మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది. అనుభవమున్న డ్రైవర్ అక్కడ బండి ఆపుతాడు, వెనక్కి వెళ్లి తాడు మీద అరచేతితో కొట్టి చూస్తాడు, దిమ్మను ఇంకొంచెం లోపలికి దిగగొడతాడు, అదే సుత్తితో టైర్లన్నింటినీ ఒక్కొక్కటిగా తట్టి శబ్దం వింటూ వస్తాడు. లోపలి టైరులో గాలి తగ్గితే వచ్చే మొద్దు శబ్దాన్ని ఆ చెవి పట్టుకుంటుంది. అమెరికా నిబంధనల్లో కూడా బయల్దేరిన మొదటి యాభై మైళ్లలోపు లోడు కట్లను మళ్లీ సరిచూడాలని ఉంది. దారిలో బండి చెడిపోతే వెనక హెచ్చరిక త్రికోణాలు పెట్టడానికి మనిషి లేకపోతే ఎలా అన్న చిన్న ప్రశ్న అక్కడ కంపెనీలకూ రవాణా శాఖకూ మధ్య పెద్ద వివాదమే అయింది. మన రోడ్డు మీద ఆ పనిని చెట్టుకొమ్మ, నాలుగు రాళ్లు చేస్తున్నాయి. అవి పెట్టడానికి కూడా ఒక మనిషి దిగాలి.

రోడ్డు విషయానికి వస్తే, 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి నుంచి డోన్ వరకు ఒకసారి తెల్లవారుజామున నడిపి చూస్తే చాలు. డివైడర్ సందు కోసం రెండు కిలోమీటర్లు పోవడం ఎందుకని ఎదురుగా రాంగ్ రూటులో వచ్చే మోటారు సైకిలు, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, సర్వీసు రోడ్డు నుంచి ఒక్కసారిగా పైకెక్కే గొర్రెల మంద ఎదురవుతాయి. గొర్రెల కాపరి కర్ర ఎటు చాచాడో చూసి మంద ఎటు మళ్లుతుందో మన డ్రైవర్ ముందే పసిగడతాడు. లేజర్ కాంతితో దూరం కొలిచే లైడార్, రాడార్, కెమెరా కలిసి మందను మనిషికంటే ముందే చూడగలవు. చీకట్లో ఇంకా బాగా చూడగలవు. కానీ కాపరి చేయి చెప్పే మాట వాటికి అర్థం కావాలంటే ఇక్కడి రోడ్ల మీద ఏళ్ల తరబడి నేర్చుకోవాలి.

ఇప్పుడు చేతిలో ఉన్న దారులు

ఒక డ్రైవర్, ఒక క్లీనరు అన్నది మనకు అలవాటైన పద్ధతి. పగటి పూట తాడిపత్రి నుంచి బళ్లారికో, కడప నుంచి తిరుపతికో వెళ్లే బాడుగకు ఇది చాలు, చవక కూడా. రాత్రి ప్రయాణానికి మాత్రం ఇది పనికిరాదని నేను అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట మా బండి ఒకటి బండల లోడుతో హైదరాబాదుకు బయల్దేరి, పుల్లూరు టోలు రాకముందే తెల్లవారుజామున డివైడర్ ఎక్కింది. డ్రైవర్‌కు దెబ్బలు తగలలేదు. లోపల నిలబెట్టిన బండలు మాత్రం ఒకదాని మీద ఒకటి ఒరిగి, ముందు వరుసలన్నీ అంచులు పగిలిపోయాయి. కొనుగోలుదారు ఆ సరుకు విలువనంతా బాడుగలో కోసేశాడు. నేను అక్కడికి చేరేసరికి మా డ్రైవర్ బండి నీడలో కూర్చుని ఉన్నాడు. ఎట్ల జరిగిందన్నా అని అడిగితే, "కునుకు పట్టేటప్పుడు తెల్దు సామీ, మెలకువ వచ్చినాకే తెలుస్తాది" అన్నాడు. అంతకు ముందు రోజు పగలంతా అతను ఫ్యాక్టరీ దగ్గర లోడింగ్ కోసం ఎండలో నిలబడి ఉన్నాడు. ఆ తప్పు నాది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకులో అరవై మీటర్లకు పైగా గుడ్డిగా పోయినట్టే.

ఇద్దరు డ్రైవర్ల పద్ధతి కొత్తదేమీ కాదు. 2018 వరకు నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనే ఉండేది. ఆ ఏడాది దాన్ని తొలగించారు, చాలామంది యజమానులు సంతోషంగా ఒకరిని తగ్గించుకున్నారు. అనంతపురం నుంచి ఢిల్లీ సుమారు రెండు వేల కిలోమీటర్లు. ఒక్క డ్రైవర్ రోజుకు నాలుగు వందల చొప్పున పోతే ఐదు రోజులు, ఇద్దరు మార్చుకుంటూ రోజుకు ఏడు వందలు పోతే మూడు రోజుల్లో చేరవచ్చు. చీనీకాయలకూ అరటికీ ఆ రెండు రోజులే ధరను నిర్ణయిస్తాయి. అయితే కదిలే బండిలో పడుకున్న మనిషికి పట్టేది సగం నిద్రే. 2025 నుంచి కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి కావడం వల్ల ఈ పద్ధతికి కొంత బలం వచ్చింది. మే నెలలో మన ఎండకు వెనక బెర్తు మీద పగలు నిద్రపోవడం ఇంతకు ముందు సాధ్యమే కాదు.

నాకు అన్నిటికంటే నచ్చినది రిలే పద్ధతి. బండి ఆగదు, మనుషులు మారతారు. రివిగో అనే కంపెనీ 2014లో మొదలై ఇదే పద్ధతిని దేశమంతటా నడిపింది. నాలుగైదు గంటలు నడిపిన డ్రైవర్ తర్వాతి మజిలీలో బండిని ఇంకొకరికి అప్పగించి, తిరుగు బండి తీసుకుని అదే రోజు ఇంటికి చేరేవాడు. ఆ కంపెనీ ఎక్స్‌ప్రెస్ సరుకు వ్యాపారాన్ని 2022లో మహీంద్రా లాజిస్టిక్స్ కొనుక్కుంది. రెండువైపులా సమానంగా లోడు లేకపోతే ఈ పద్ధతి నష్టమే, మజిలీ దగ్గర తిరుగు బండి రాకపోతే డ్రైవర్ ఖాళీగా కూర్చుంటాడు. కానీ బెంగళూరు, హైదరాబాదు మధ్య 570 కిలోమీటర్లలో గుత్తి దాదాపు సగంలో ఉంది. ఆ దారిలో రెండువైపులా రోజూ సరుకు ఉంటుంది. పది, పదిహేను బండ్లున్న నలుగురు యజమానులు కలిసి, ఒకరి బండిని మరొకరి డ్రైవర్ నడిపే ఒప్పందం రాసుకుంటే, గుత్తి చుట్టుపక్కల ఊళ్ల డ్రైవర్లు బెంగళూరు వెళ్లి వచ్చి రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. డీజిలు లెక్క, టైరు మార్చిన లెక్క, బండికి గీత పడితే ఎవరిదన్న లెక్క ముందే కాగితం మీద రాసుకోకపోతే ఈ పొత్తు ఆరు నెలలు కూడా నిలవదు.

నాలుగవ దారి, డ్రైవర్ లేని లారీ పరిశోధన వల్ల మనకు అందిన అసలు ఫలం, అడాస్ అని పిలిచే సహాయక పరికరాలున్న బండి. వీటిలో మనకు పనికొచ్చేవి మూడు. ముందు బండి దగ్గరపడినప్పుడు తనంతట తానే పడే బ్రేకు, లేను దాటుతుంటే మోగే హెచ్చరిక, డ్రైవర్ కనురెప్పలనూ తల వాలడాన్నీ గమనించే కెమెరా. ఈ మూడింటినీ భారీ వాహనాలకు తప్పనిసరి చేసే ముసాయిదాను కేంద్రం 2025లో విడుదల చేసింది. అందుకని ఇప్పుడు కొనే బండిలో ఇవి లేకపోతే, రేపు అమ్మేటప్పుడు పాత తరం బండి కింద ధర తగ్గుతుందని కూడా ఆలోచించాలి. కునుకు కెమెరాను పాత బండికి కూడా బిగించుకోవచ్చు. బ్రేకును మాత్రం బయట షెడ్డులో బిగించడానికి ఎవరైనా ముందుకొస్తే ఒప్పుకోవద్దు. అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌తో, గాలి బ్రేకుల వ్యవస్థతో కలిసి ఫ్యాక్టరీలోనే రావాలి. నాపరాళ్ల లోడుతో ఉన్నప్పుడు బ్రేకు అనవసరంగా గట్టిగా పడితే, డివైడర్ ఎక్కినప్పుడు మాకు జరిగిన నష్టమే బండి నేరుగా పోతున్నప్పుడు కూడా జరగవచ్చు. లేను హెచ్చరిక ఆరు లేన్ల రోడ్డు మీద చక్కగా పనిచేస్తుంది. గీతలు చెరిగిపోయిన తాడిపత్రి, ముద్దనూరు వైపు దారుల్లో దానిమీద ఆధారపడలేం.

ఈ పరికరాల విషయంలో యజమానులు చేసే పొరపాటు ఒకటి ఉంది. కెమెరా మోగిన ప్రతిసారీ డ్రైవర్ జీతంలో కోత వేస్తే, వారం తిరగకముందే దానిమీద తువ్వాలు వేలాడుతుంది. మోగిన రాత్రి ఎక్కడ మోగిందో చూసి, ఆ ట్రిప్పుకు ముందు అతను ఎన్ని గంటలు మెలకువగా ఉన్నాడో అడగండి. నేను అలా అడగడం మొదలుపెట్టాక తెలిసింది, మా బండ్లలో ఎక్కువసార్లు మోగేది లోడింగ్ ఆలస్యమైన రోజు రాత్రే. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటాక లోడు ముగిస్తే ఆ రాత్రి బండి తాడిపత్రిలోనే ఉంటుంది. హాల్టింగ్ ఖర్చు గురించి ఫ్యాక్టరీవారితో ఒకసారి గట్టిగా మాట్లాడుకోవలసి వచ్చింది, అంతే.

రైలును కూడా ఈ పోలికలో చేర్చాలి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు అరటి కంటైనర్లతో ప్రత్యేక రైలు వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి దక్షిణ భారతంలోనే మొదటి కిసాన్ రైలు బయల్దేరింది. సుమారు నలభై గంటల్లో చేరే ఆ రైలుతో ఏ లారీ పోటీ పడలేదు, పైగా అప్పట్లో పండ్లకు, కూరగాయలకు రవాణా చార్జీలో సగం సబ్సిడీ ఉండేది. కానీ రైలు నిండేంత సరుకు ఒకే రోజు పోగవ్వాలి, స్టేషను దాకా, అక్కడినుంచి మండీ దాకా మళ్లీ లారీయే కావాలి. రెండుసార్లు ఎత్తి దించితే పగిలిపోయే బండలకు రైలు పనికిరాదు.

ఏ సరుకుకు ఏది

ఢిల్లీ, నాగపూరు వైపు పండ్లు పంపేవారు రైలు దొరికితే రైలు, లేకపోతే ఇద్దరు డ్రైవర్లున్న ఏసీ క్యాబిన్ బండిని అడగాలి. బాడుగ కొంచెం ఎక్కువైనా ఇవ్వాలి. హైదరాబాదు, బెంగళూరు వైపు పార్శిలు, కంటైనర్ సరుకు తోలేవారికి రిలే. నాపరాళ్లకు ఒక్క డ్రైవర్ చాలు, కానీ పగటి పూట, కునుకు కెమెరాతో, గుత్తి దగ్గర తప్పనిసరిగా ఆగి తాడు సరిచూసే నియమంతో. కర్నూలు ఉల్లికి ఈ పరికరాల కంటే గాలి ఆడే బాడీ, పైన కప్పే సరైన పట్టా ముఖ్యం. కడప జిల్లా సిమెంటు దూరం పోవాలంటే రైలు, దగ్గరికైతే పగటి లారీ.

డ్రైవర్ లేని లారీ నిజంగా మన నేల మీద అడుగు పెడితే, అది మొదట ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి క్వారీల్లో కనిపిస్తుందని నా అభిప్రాయం. ఆస్ట్రేలియాలోని పిల్‌బరా ఇనుప గనుల్లో రియో టింటో 2008లోనే ఇలాంటి డంపర్లతో ప్రయోగాలు మొదలుపెట్టింది. క్వారీ నుంచి క్రషర్ దాకా ఒకే దారి, బయటి మనిషి రాడు, గొర్రెలు రావు, లోడు కట్టే పని లేదు. ఆ తర్వాత వరుసలో, కొడికొండ నుంచి ప్రకాశం జిల్లా వైపు నిర్మిస్తున్న బెంగళూరు-కడప-విజయవాడ ఆరు లేన్ల రహదారి ఉండవచ్చు, ఎందుకంటే దానిలోకి ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీలుండదు. అప్పుడు కూడా ఊళ్లోంచి హైవే దాకా మనిషి నడిపి, హైవే పక్కన యార్డులో యంత్రానికి అప్పగించే పద్ధతే రావాలి. 44, 67 నంబర్ల రహదారులు కలిసే గుత్తి దగ్గర రిలే కోసం ఈ రోజు తీసుకున్న యార్డు ఆ రోజుకూ పనికొస్తుంది. ఆగి చూడదలచుకున్నవారు బండి కొనడం ఆపకుండా, ఆ స్థలం వైపు చూడటం మంచిది.

కొత్త బండి తీసుకునేవారు షోరూము ముందు ఖాళీ రోడ్డు మీద నడిపి చూసి సంతకం పెట్టవద్దు. డీలరును అడిగి, లోడుతో ఉన్న డెమో బండిని, మీ బండి నడపబోయే డ్రైవర్‌ను కూర్చోబెట్టి, చీకటి పడ్డాక గుత్తి నుంచి డోన్ దాకా ఒకసారి తీసుకెళ్లండి. దీపం లేని ట్రాలీ వెనక హెచ్చరిక ఎంత ముందుగా మోగుతుందో, రాంగ్ రూటు మోటారు సైకిలును గుర్తిస్తుందో లేదో, ఏమీ లేనిచోట బ్రేకు పడుతుందో చూడండి. డోన్‌లో దిగాక ముందు మీ డ్రైవర్‌ను అడగండి, ఆ మోత అతనికి సాయంగా ఉందా, చిరాకుగా ఉందా అని. చిరాకుగా ఉందంటే ఇంకో కంపెనీ బండిని చూడండి.